బారెల్ మారితే తుపాకీ మారినట్టేనా?

హనుమకొండలో లేత్ మిషన్ నడిపే మిత్రుడొకరు ఈ మధ్య నాకో వీడియో పంపారు. అమెరికాలో ఒక పెద్దమనిషి తన కారు షెడ్డులో బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. పాతకాలపు తుపాకీలోంచి ఒక చీల లాగాడు, బారెల్‌ను, అంటే గొట్టాన్ని, పైకెత్తి పక్కన పెట్టాడు, కొరియర్‌లో వచ్చిన కొత్త బారెల్‌ను అదే చోట కూర్చోబెట్టి మళ్లీ చీల దిగ్గొట్టాడు. మొత్తం రెండు నిమిషాలు. ఊడిన సైకిల్ చైను ఎక్కించడానికే అంతకన్నా ఎక్కువ సేపు పడుతుంది. వీడియో కింద మా మిత్రుడి ప్రశ్న: "ములుగు దిక్కు నుంచి ఒకాయన వచ్చి, మా తాత తుపాకీకి గొట్టం పాడైంది, కొత్తది తీసియ్యమంటున్నడు. వాళ్లు ఇంట్ల కూసొని చేస్తున్నరు గదా అన్నా, నేను చేస్తే తప్పా?"

తప్పే. చిన్న తప్పు కూడా కాదు. అయితే ఒకే పని అక్కడ ఆదివారం కాలక్షేపం, ఇక్కడ ఏళ్ల తరబడి జైలు ఎలా అయిందో చెప్పాలంటే, ముందు ఆ తుపాకీ సంగతి, తర్వాత ఆ గొట్టం సంగతి, చివరికి చట్టం సంగతి చూడాలి. చాలామంది నేరుగా చట్టం దగ్గరికి వెళ్లి అక్కడే చిక్కుపడతారు.

ముందు నుంచి దట్టించే తుపాకీ అంటే

ఇప్పటి తుపాకుల్లో తూటా అంటే ఒక పూర్తి ప్యాకెట్టు. ఇత్తడి గొట్టంలోనే మందు, గుండు, నిప్పు రాజేసే క్యాప్ అన్నీ ఉంటాయి. దాన్ని బారెల్ వెనుక వైపు నుంచి ఎక్కిస్తారు. ముందు నుంచి దట్టించే తుపాకీలో, అంటే మజిల్‌లోడర్‌లో, అలా ఉండదు. బారెల్ మూతి నుంచి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించాలి. వెనుక వైపు ఇనుప బిరడాతో శాశ్వతంగా మూసి ఉంటుంది. పక్కనున్న సన్నని రంధ్రం గుండా నిప్పు లోపలికి పోతుంది. పాతవాటిలో చెకుముకి రాయి ఆ నిప్పు పుట్టించేది. 19వ శతాబ్దంలో హ్యామర్ కింద పెట్టే చిన్న రాగి టోపీ వచ్చాక రాయితో పని పోయింది.

మన దగ్గర దీన్ని భర్మార్ అంటారు, నాటు తుపాకీ అని కూడా అంటారు. ఈ రెండో పేరుతోనే గందరగోళం మొదలవుతుంది. లైసెన్సు ఉండి, ఫ్యాక్టరీలో తయారై, నంబరు కొట్టి ఉన్న తుపాకీ కూడా ముందు నుంచి దట్టించేదే కావచ్చు. లైసెన్సు పుస్తకంలో ఎస్‌బీఎంఎల్ అని రాసి ఉంటే ఒకే బారెల్ ఉన్న మజిల్‌లోడర్ అని, డీబీఎంఎల్ అంటే రెండు బారెళ్లది అని అర్థం. ఊళ్లో ఎవరో కొలిమి దగ్గర సాగదీసి చేసింది వేరు. వార్తల్లో రెండూ ఒకటే పేరుతో వస్తుంటాయి.

ఇందులో వాడే మందు సురేకారం, గంధకం, బొగ్గు కలిపినది. ఇంగ్లిష్ పేరును మాటకు మాట తెలుగు చేస్తే నల్లమందు అవుతుంది. కానీ మనకు నల్లమందంటే పోలీసులు పట్టుకునే ఇంకో సరుకు. అందుకే తుపాకీ మందు అనే అందాం. కాలాక అది బారెల్ లోపల మసి వదులుతుంది. ఆ మసి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన వానాకాలంలో నాలుగు రోజులు కడగకుండా వదిలేస్తే తుప్పు పట్టేది బారెల్ లోపలి గోడకే. తాతల నాటి తుపాకుల్లో ముందుగా బారెలే పోవడానికి ఇదే ప్రధాన కారణం.

ఇంకొక్క తేడా. బారెల్ లోపల నున్నగా ఉంటే స్మూత్ బోర్. మెలికలు తిరిగిన గాడులు ఉంటే రైఫిల్. మన ఊళ్లలో చేను కాపలాకు లైసెన్సు ఇచ్చిన మజిల్‌లోడర్లు సాధారణంగా నున్నని గొట్టంవి. వీడియోలో కనిపించేది రైఫిల్. ఈ తేడాతో చట్టం దగ్గర మళ్లీ పని పడుతుంది.

వీడియోలో అంత సులువుగా ఎలా ఊడింది

అన్ని మజిల్‌లోడర్లకూ బారెల్ అలా ఊడిరాదు. పాత పద్ధతి తుపాకుల్లో దాన్ని కింది చెక్క భాగానికి, అంటే కట్టెకు, సన్నని పిన్నులతో బిగిస్తారు, వెనుక బిరడాకు పొడవాటి తోక ఉండి కట్టెలోకి మర దిగుతుంది. వీడియోలోని రకానికి వెనుక బిరడా చివర కొక్కెం ఉంటుంది. ఆ కొక్కెం కట్టెకు బిగించిన ముక్కలో తగులుకుంటుంది. ముందు వైపు అడ్డంగా ఒక చీల. చీల తీసి మూతి వైపు పైకెత్తితే బారెల్ మొత్తం చేతికి వస్తుంది. కడగడానికి వీలుగా చేసిన ఏర్పాటు ఇది.

1970లో థాంప్సన్ సెంటర్ అనే అమెరికన్ కంపెనీ హాకెన్ పేరుతో ఇలాంటి రైఫిల్‌ను మార్కెట్లోకి తెచ్చింది. అది బాగా అమ్ముడుపోయింది. ఒకే కొలతతో అన్ని తుపాకులు జనం దగ్గరుంటే వాటికి సరిపోయే విడి బారెళ్లు చేసే వాళ్లూ పుడతారు. గ్రీన్ మౌంటెన్ అనే బారెల్ కంపెనీ పేరు ఆ వరసలో ఎక్కువగా వినిపిస్తుంది. ఫలానా మోడల్ కట్టెలో నేరుగా కూర్చునేలా తయారైన బారెల్‌ను అక్కడ డ్రాప్-ఇన్ బారెల్ అంటారు.

బాగున్న బారెల్‌ను కూడా ఎందుకు మారుస్తారంటే, ఎక్కువగా మెలిక కోసం. ఆ హాకెన్‌లో గాడులు 48 అంగుళాలకు ఒక పూర్తి చుట్టు తిరుగుతాయి. బారెల్ పొడవు 28 అంగుళాలు. అంటే గుండు బయటికి వచ్చేలోపు 28ని 48తో భాగిస్తే వచ్చేంత, సుమారు 0.58 చుట్టు తిరుగుతుంది. అదే పొడవున్న బారెల్‌లో మెలిక 70 అంగుళాలకు ఒకటైతే 0.4 చుట్టు మాత్రమే. 28 అంగుళాలకు ఒకటైతే సరిగ్గా ఒక చుట్టు. బట్ట ముక్క చుట్టి దట్టించే గుండ్రని సీసపు గుండుకు నెమ్మది మెలిక నప్పుతుంది. పొడవాటి గుండు గాలిలో పల్టీ కొట్టకుండా పోవాలంటే వేగంగా తిరగాలి. 48 అనేది రెండింటికీ మధ్యలో పెట్టిన రాజీ. రాజీ నచ్చనివాళ్లు గుండ్రని గుండుకు ఒక బారెల్, పొడవు గుండుకు ఇంకో బారెల్ కొనుక్కుంటారు. అదొక సరదా, దానికి అక్కడ పోటీలూ ఉన్నాయి.

బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, మార్చేవాళ్లూ ఉంటారు. 45 క్యాలిబర్‌లో, అంటే 0.45 అంగుళాల బోరులో, వేసే 0.440 అంగుళాల సీసపు గుండు బరువు సుమారు 8.3 గ్రాములు. 50 క్యాలిబర్‌లో వేసే 0.490 అంగుళాల గుండు సుమారు 11.5 గ్రాములు. కొలతలో తేడా కంటికి ఆననంత, బరువులో తేడా మూడో వంతుకు పైనే. గోళం బరువు వ్యాసం ఘనంతో పెరుగుతుంది కాబట్టి ఇలా జరుగుతుంది. మన దగ్గర పన్నెండు బోర్ అనే మాట కూడా ఈ లెక్కలోంచే వచ్చింది: ఒక పౌండు సీసంతో సమానమైన పన్నెండు గుండ్లు చేస్తే ఒక్కో గుండు వ్యాసం ఎంతో, అదే ఆ బోరు కొలత. ఒక్కోటి దాదాపు 38 గ్రాములు.

కూర్చున్నంత మాత్రాన సరిపోయినట్టు కాదు

కారు టైరులో గాలి 30 పీఎస్ఐ దగ్గర ఉంటుంది. తుపాకీ పేలిన క్షణంలో బారెల్ అడుగున ఒత్తిడి వేల పీఎస్ఐలలో ఉంటుంది. అదీ మూతి దగ్గర కాదు, వెనుక బిరడా దగ్గర. అంటే కాల్చేవాడి ముఖానికి జానెడు దూరంలో. బారెల్ గోడ మందం, ఉక్కు రకం, బిరడా మరలు ఎంతవరకు పట్టాయన్నది, అన్నీ ఆ ఒక్క క్షణం కోసమే. బారెల్‌గా పనికొస్తుందనిపించే నీళ్ల పైపుకు పొడవునా వెల్డింగ్ అతుకు ఉంటుంది. అది చేసింది మోటారు నీళ్ల కోసం. నాటు తుపాకీ పేలి చెయ్యి పోయింది, కన్ను పోయింది అనే వార్తల్లో కొన్నిటి వెనుక ఈ రెండు ఒత్తిళ్ల మధ్య తేడా తెలియకపోవడమే ఉండొచ్చు.

పైకి ఒకేలా కనిపించే మందులు కూడా ఒకటి కావు. ఆధునిక తూటాల్లో ఉండే పొగరాని పౌడరు చాలా ఎక్కువ ఒత్తిడి పుట్టిస్తుంది. తుపాకీ మందు కోసం చేసిన బారెల్‌లో అది పడితే బారెల్ పగలొచ్చు. గుండు పూర్తిగా దిగక మందుకూ గుండుకూ మధ్య ఖాళీ ఉండిపోయినా ఆ చోట గొట్టం ఉబ్బొచ్చు, చిట్లొచ్చు.

ఉక్కు విషయంలో తెలిసినవాళ్ల మధ్యే ఏకాభిప్రాయం లేదు. అమెరికాలో ఎన్నో బారెళ్లను 12ఎల్14 అనే, సీసం కలిపిన ఉక్కుతో చేస్తారు. లేత్ మీద వెన్నలా కోస్తుంది, లోపల నున్నగా వస్తుంది. దశాబ్దాలుగా లక్షల సార్లు పేల్చాం, తుపాకీ మందు ఒత్తిడికి ఇది చాలు అంటారు దాన్ని వాడేవాళ్లు. అది తుపాకీ కోసం పుట్టిన ఉక్కు కాదు, పొరపాటు జరిగినప్పుడు ఉబ్బి ఆగకుండా ముక్కలయ్యే గుణం ఉంది అంటారు ఎదుటివాళ్లు. నాకు రెండో వాదన బరువుగా కనిపిస్తుంది. బారెల్ బలం పరీక్షకు వచ్చేది అంతా సవ్యంగా జరిగిన రోజున కాదు కదా.

ఈ తగవును తీర్చడానికి యూరప్ ఎప్పుడో ఒక దారి వెతికింది. మామూలు కన్నా ఎక్కువ ఒత్తిడితో పేల్చి చూసి, తట్టుకున్న బారెల్ మీద ముద్ర కొట్టడం. దీన్ని ప్రూఫ్ అంటారు. లండన్‌లో తుపాకీ తయారీదారుల సంఘానికి 1637లోనే రాజపత్రం దక్కింది. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813లో చట్టంతో ఏర్పడింది. బారెల్‌ను బలహీనపరిచే మార్పు చేస్తే పాత ముద్ర చెల్లదు, మళ్లీ పరీక్ష పెట్టాలి. అమెరికాలో ఇలా ప్రభుత్వం తప్పనిసరి చేసిన పరీక్ష లేదు. అక్కడ తయారీదారు పేరు, కోర్టు కేసుల భయం ఆ పని చేస్తాయి.

మనకు దగ్గరి ఉదాహరణ ఒకటుంది. పాతకాలపు మస్కెట్ నమూనాలను మన దేశంలోనే చేసి ఉత్తర అమెరికాకు పంపుతారు. వాటిలో చాలావాటికి నిప్పు పోయే రంధ్రం పొడవరు. రంధ్రం లేదు కాబట్టి అది పేలదు, అలంకార వస్తువుగా సముద్రం దాటుతుంది. అక్కడికి చేరాక ఎవరో రంధ్రం వేస్తారు. ప్రూఫ్ లేని ఆ బారెళ్లను నమ్మొచ్చా అని అక్కడ పాత యుద్ధాలను ప్రదర్శనగా ఆడేవాళ్లు ఏళ్లుగా వాదించుకుంటున్నారు. అగ్గిపుల్లంత రంధ్రం ఒక వస్తువును బొమ్మ నుంచి ఆయుధం చేసేస్తోంది.

తుపాకీలో తుపాకీ ఏది?

ఒక తుపాకీని విప్పి బల్ల మీద పరిచామనుకోండి. కట్టె, బారెల్, నిప్పు రాజేసే లాక్, ట్రిగ్గర్, నాలుగు మరలు. ఇందులో చట్టం దృష్టిలో తుపాకీ ఏది? ఒక్కో దేశం ఒక్కోలా జవాబిచ్చింది.

అమెరికా కేంద్ర చట్టానికి ఆధునిక తుపాకీలో ఫ్రేమ్ లేదా రిసీవర్ అనే మధ్య భాగమే తుపాకీ. బారెల్ విడిభాగం. పైగా 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్ 1898కి ముందువాటినీ, ఆ సంవత్సరంలో చేసినవాటినీ పురాతన ఆయుధాల కింద పక్కన పెట్టింది. తుపాకీ మందుతో మాత్రమే పనిచేస్తూ రెడీమేడ్ తూటా వాడలేని మజిల్‌లోడర్లు, నిన్న తయారైనవైనా సరే, అదే గంపలో పడతాయి. అందుకే వీడియోలో బారెల్ కొరియర్‌లో వచ్చింది. అయితే అక్కడా ఒక మెలిక ఉంది. బారెలో, వెనుక మూతో మార్చినంత మాత్రాన రెడీమేడ్ తూటా పేల్చగలిగే మజిల్‌లోడర్ అయితే ఆ మినహాయింపు రాదు. ఇద్దరి చేతుల్లో ఉన్నవి మజిల్‌లోడర్లే అనుకుందాం. ఒకాయనది హాకెన్, ఏ బారెల్ వేసినా మూతి నుంచే దట్టించాలి. రెండో ఆయనది మధ్యకు మడిచే ఆధునిక ఫ్రేము, ఇవాళ మజిల్‌లోడర్ బారెల్, రేపు తూటాల బారెల్ వేసుకోవచ్చు. మొదటిది పురాతన వస్తువు లెక్క, రెండోది మామూలు తుపాకీ. కొన్ని రాష్ట్రాలు మొదటిదాన్నీ వదలవు.

బ్రిటన్‌లో లెక్క తిరగబడుతుంది. అక్కడ బారెల్ కూడా తుపాకీలో ముఖ్య భాగమే, విడిగా ఉన్నా నియంత్రణ కిందికి వస్తుంది.

మన 1959 ఆయుధాల చట్టం ఈ చర్చలోకే దిగలేదు. రెండో సెక్షన్‌లో తుపాకీకి ఇచ్చిన నిర్వచనంలోనే తుపాకీ భాగాలనూ, వాటిని తయారుచేసే యంత్రాలనూ కలిపేసింది. మా మిత్రుడికి ఈ వాక్యం చదివి వినిపిస్తే తన లేత్ మిషన్ వైపు ఒకసారి చూసుకున్నాడు. లేత్ ఉండటం నేరం కాదులే అని సర్దిచెప్పాను. దాని మీద ఏం తిప్పుతున్నావన్నదే ప్రశ్న.

బారెల్ చుట్టూ తిరిగే సెక్షన్లు

అయిదో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ తయారీ, అమ్మకమే కాదు, మార్పిడి, మరమ్మతు, పరీక్షించి చూడటం కూడా కుదరదు. ఆరో సెక్షన్ బారెల్ పొట్టి చేయడం గురించీ, ఒక రకం తుపాకీని ఇంకో రకంగా మార్చడం గురించీ చెబుతుంది. ఎనిమిదోది తుపాకీ మీది పేరు, నంబరు చెరపడాన్నీ మార్చడాన్నీ నిషేధిస్తుంది. అయిదు, ఆరు సెక్షన్లను మీరితే 2019 సవరణ తర్వాత కనీస శిక్ష ఏడేళ్లు, యావజ్జీవం వరకు పెరగొచ్చు, జరిమానా అదనం. అంతకు ముందు మూడు నుంచి ఏడేళ్లు ఉండేది.

ములుగు నుంచి వచ్చిన ఆయన కథనే మూడు రకాలుగా ఊహిద్దాం. మొదటిది, ఆయన పేరున లైసెన్సు ఉంది, బారెల్ చిట్లింది. లైసెన్సు ఉన్నది తుపాకీ ఉంచుకోవడానికి, బాగుచేయడానికి కాదు. మరమ్మతుకు లైసెన్సు ఉన్న ఆయుధ డీలర్ వేరు. పైగా నంబరు పాత బారెల్ మీదే కొట్టి ఉంటే కొత్త బారెల్‌తో పుస్తకానికీ చేతిలోని తుపాకీకీ పొత్తు కుదరదు. రెండోది, నున్నని గొట్టం పోయింది కదా అని గాడులున్నది వేయించుకున్నాడు. ఇప్పుడది మరమ్మతు దాటి రకం మార్పు ప్రశ్న అవుతుంది. మూడోది, లైసెన్సే లేదు, తాత జ్ఞాపకంగా అటక మీద పడి ఉంది.

ఈ మూడో దాని గురించే ఎక్కువ అపోహ. పాత తుపాకీకి లైసెన్సు అక్కర్లేదని చాలామంది అంటారు. 45వ సెక్షన్‌లో ఆ మాటకు ఆధారం ఉంది, కానీ సగమే. కాలం చెల్లిన నమూనా, పురాతన విలువ ఉన్నది, పాడైపోయినది అయితే మినహాయింపు ఉంది. షరతు ఏమిటంటే, మరమ్మతు చేసినా చేయకపోయినా అది తుపాకీగా పనికిరానిదై ఉండాలి. ఇప్పుడు మన బారెల్‌ను ఇక్కడ పెట్టి చూడండి. కొత్త బారెల్ వేస్తే పేలుతుందంటే అది మరమ్మతుతో పనిచేసే తుపాకీయే. అంటే అటక మీది తుపాకీకి మినహాయింపు అనుమానంలో పడటానికి కొత్త బారెల్ బిగించనక్కర్లేదు, బిగించే వీలుంటే చాలు. ఇక బిగించాక మినహాయింపు అనే మాటే ఉండదు.

అదే సెక్షన్‌లో చిన్నాచితకా భాగాలకు కూడా మినహాయింపు ఉంది, అవి మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేనప్పుడు. బారెల్‌ను చిన్న భాగం అని వాదించి గెలవడం కష్టమనే నా అభిప్రాయం. మందు సంగతి ఇక్కడ ఎత్తడం లేదు, దానికి 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం వేరే కాచుకుని ఉంది.

అడవి అంచు ఊళ్లలో ఇదే చట్టం వేరేలా కనిపిస్తుంది

చట్టం మజిల్‌లోడర్‌ను శత్రువుగా ఏమీ చూడలేదు. 13వ సెక్షన్ పంట కాపలాకు నిజంగా అవసరమైనవాళ్లకు ఇచ్చే లైసెన్సు గురించి చెబుతూ మజిల్‌లోడర్‌నే పేరు పెట్టి ప్రస్తావించింది. అది చాలదని తేలితేనే వేరే స్మూత్ బోర్ తుపాకీ. నర్సంపేట దగ్గర మా మేనమామ వాళ్ల ఊళ్లో ఒకప్పుడు మక్క చేన్ల మంచెల మీద కనిపించినవి ఇలాంటివే. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఠాణాలో అప్పగించడం, అయిపోయాక తెచ్చుకోవడం, ఇదీ వాటి జీవితం.

కానీ ఏటూరునాగారం, పాకాల, కవ్వాల్ లాంటి అడవుల పక్కన ఇంకో చట్టం కూడా ఉంది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపు ఉండే ఆయుధ లైసెన్సుదారులు అటవీశాఖ దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. ఆ పరిధిలో కొత్త లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందస్తు సమ్మతి కావాలి. అడవిపంది బెడద ఎక్కడ ఎక్కువో లైసెన్సు దొరకడం అక్కడే కష్టం.

రైతుల వాదన దీని దగ్గరే మొదలవుతుంది. ఒక్క రాత్రిలో పంట పోతే పరిహారం ఎప్పుడొస్తుందో తెలియదు, చప్పుడుకైనా తుపాకీ లేకపోతే ఎట్లా అంటారు. వాళ్ల ఇబ్బంది కల్పితం కాదు. అటవీ అధికారులు చెప్పేది ఇంకో వైపు: చేనుకు కాపలా అని తీసిన తుపాకీ దుప్పి మీదికి తిరగడానికి ఎక్కువ సేపు పట్టదు. ఉత్తర తెలంగాణలో దశాబ్దాల పాటు నక్సలైట్ దళాలు తిరిగిన చరిత్ర కూడా పోలీసుల చూపులో ఉంటుంది. ఎక్కడో ఒక గొట్టం తయారవుతోందంటే వాళ్లు పంట గురించి ఆలోచించరు. ఇందులో ఎవరి మాటనూ కొట్టిపారేయలేను.

దేశమంతా ఒకే కొలత ఉందా అంటే అదీ లేదు. కర్ణాటకలోని కొడగులో కొడవ సముదాయం వాళ్లకూ, వంశపారంపర్యంగా వచ్చే జమ్మా భూముల హక్కుదారులకూ లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. 1963 నాటి ఆ ఏర్పాటును కేంద్రం 2019లో మరో పదేళ్లు పొడిగించింది. సంప్రదాయం, ఆత్మగౌరవం అని దాన్ని సమర్థించేవాళ్లున్నారు. ఒక సముదాయానికి ఇచ్చి పక్క జిల్లా గిరిజనుడికి ఎందుకివ్వరని అడిగేవాళ్లూ ఉన్నారు. కర్ణాటక హైకోర్టు ఆ మినహాయింపును సమర్థించింది.

తాత పోయాడు, తుపాకీ మిగిలింది

ములుగు ఆయనది చివరికి మూడో రకం కథేనని తేలింది. లైసెన్సు తాత పేరున ఉండేది, తాత పోయి చాలా ఏళ్లయింది. ఇలాంటప్పుడు ఉంచుకునే హక్కు పోయిన ఆయుధాన్ని దగ్గరి ఠాణాలోనో, లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరో జమ చేయాలని 21వ సెక్షన్ చెబుతుంది. వారసులు తమ పేరున లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కమిషనరేట్ పరిధిలో పోలీస్ కమిషనర్, మిగతా చోట్ల కలెక్టర్ ఆ అధికారులు. ఇన్నేళ్లు ఎందుకు ఇవ్వలేదనే ప్రశ్న వస్తుందని ఆయన భయం. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ పాడైన బారెల్‌తో అప్పగించిన తుపాకీ ఒక కథ చెబుతుంది, కొత్త బారెల్‌తో దొరికిన తుపాకీ ఇంకో కథ చెబుతుంది.

మా మిత్రుడు ఆయనకు పని చేయనని చెప్పి పంపేశాడు. సాయంత్రం మళ్లీ ఫోన్ చేశాడు.

"అన్నా, గొట్టం సంగతి సమజైంది. ఆయన ఇప్పుడు కట్టె పగిలింది, అదన్న చెక్కియ్యమంటున్నడు. కట్టె గూడ భాగమేనా?"

"భాగాలు అని రాశారు కానీ ఏ భాగమో రాయలేదు" అన్నాను.

"అంటే?"

"వడ్రంగి దగ్గరికి పోయే ముందు వకీలు దగ్గరికి పొమ్మను."